పది నంబరు నూనె

ఇంగ్లండులో మా హెర్ట్‌ఫర్డ్‌షైర్ జిల్లా మొత్తం మీద ఫోర్క్ ఆయిల్‌ను రెండు వేళ్ళ మధ్య రాసి చూసి, అది ఏ నంబరుదో చెప్పగలిగిన మెకానిక్ ఒక్కడే ఉండేవాడు. కళ్ళకు గంతలు కట్టినా చెప్పేవాడు. అతని చెయ్యి పడిన బండి అదే జబ్బుతో రెండోసారి వర్క్‌షాపు మెట్టెక్కిన పాపాన పోలేదు. ఆ మహానుభావుడు ఇప్పుడు రిటైరై, స్టీవెనేజ్‌లో ఒక చిన్న ఫ్లాట్‌లో, గదిని వెచ్చబెట్టే రేడియేటర్‌కు వీపు ఆనించి కూర్చుని మీకోసం ఇది రాస్తున్నాడు.

కొంచెం ఎక్కువైందా? కానివ్వండి. ముసలివాణ్ణి, మొదటి పేరాలోనే తగ్గితే ఎవరు చదువుతారు?

మీలో చాలామంది ఈ దేశం వచ్చి చదువులు పూర్తిచేసి, ఉద్యోగాల్లో కుదురుకుని, ఒక మంచి మోటార్‌సైకిల్ కొనుక్కోవాలని మోజు పడుతున్నారని నాకు తెలుసు. కొన్నాక దాని రంగు చూసుకుంటారు, సైలెన్సర్ మార్పిస్తారు, ఫొటో పెడతారు. ముందు చక్రాన్ని పట్టుకుని ఉన్న ఆ రెండు గొట్టాల వైపు ఒక్కరూ చూడరు. వాటినే ఫోర్కులంటారు. లోపల స్ప్రింగు, దాని చుట్టూ నూనె. చక్రం గుంటలో పడితే స్ప్రింగు నొక్కుకుంటుంది, మళ్ళీ లేస్తుంది. నూనె లేకపోతే అది అలా ఎగురుతూనే ఉంటుంది. నూనె చిన్న చిన్న రంధ్రాల్లోంచి దూరిపోవాలి కనుక స్ప్రింగు దూకుడు తగ్గుతుంది. నూనె పల్చనైతే కళ్ళెం వదులు, చిక్కనైతే బిగువు. ఇంతకుమించి శాస్త్రం చెప్పను. చెప్పగలిగినంత శాస్త్రం నాకు రాదు కూడా.

మా వర్క్‌షాపు స్టీవెనేజ్ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక టైల్స్ కొట్టుకూ జిమ్‌కూ మధ్య ఉండేది. యజమాని ఇంగ్లీషువాడు. కుర్రతనంలో రేసులకు వెళ్ళి రెండు కాళ్ళూ విరగ్గొట్టుకున్న మనిషి. ఇక్కడి పనివాళ్ళు పిలిచినట్టే నేనూ ఆయన్ని గవ్‌నర్ అని పిలిచేవాణ్ణి. ఆయనకు కంపెనీ మాన్యువల్ అంటే భగవద్వాక్యం. నాకు హైదరాబాద్‌లో నేర్చుకున్న పని అంటే అంతకన్నా ఎక్కువ. ఈ రెండు మతాల మధ్య రోజూ టీ తాగే వేళకు ఒక యుద్ధం జరిగేది.

ఒక చలికాలం చివర ఆ అమ్మాయి వచ్చింది. అమ్మాయి అంటున్నానేగాని ఆమెకు స్కూలుకు వెళ్ళే కూతురుంది. ఊరు కరీంనగర్ దగ్గర, ఉద్యోగం వాట్‌ఫర్డ్‌లో ఒక ఆఫీసులో. పిట్టంత మనిషి. హెల్మెట్ తీస్తే గాని బండి మీద మనిషి ఉన్నట్టు నమ్మకం కుదరదు. బండి మాత్రం ఏనుగు గున్నలా ఉంది. ఎవరో మన బైకుల అంకుల్ ఒకాయన స్టీవెనేజ్‌లో ఉన్నాడని చెబితే వెతుక్కుంటూ వచ్చి, నేను సెలవులో ఉన్నప్పుడు ఒకసారి సర్వీసు కూడా చేయించుకుని వెళ్ళిందట.

"అంకుల్, గుంతల వడ్డప్పుడల్లా ముందర టక్కుమని కొడుతున్నది. మణికట్లు గుంజుతున్నయి. మలుపుల రోడ్డు మంచిగ లేకుంటె బండి నా మాటినకుండ బయటికి ఉరుకుతున్నది."

"ఎప్పటి నుంచి బిడ్డా?"

"కొన్న కాడికెల్లి. మీ కాడనే సర్వీసు చేయించిన. చేయించినంక ఇంకింత ఎక్కువైంది."

సర్వీసులో ఫోర్క్ ఆయిల్ మార్చింది గవ్‌నరే. నా కళ్ళు వెలిగిపోయాయి. ఆయన తప్పు దొరకడం కన్నా ఆనందం ఆ వయసులో నాకు ఇంకేముంటుంది?

కానీ ఆమెకిది సరదా వ్యవహారం కాదు. ఇక్కడ ఆసుపత్రుల మధ్య రక్తం సీసాలు మోటార్‌సైకిళ్ళ మీద చేరవేసే వాలంటీర్లుంటారు. జీతం లేదు, రోటా మాత్రం ఉంటుంది, అంటే ఎవరి డ్యూటీ ఎప్పుడో చెప్పే వంతుల పట్టిక. వాళ్ళలో చేరాలంటే ముందొక పరీక్ష పాసవ్వాలి. పోలీసు శాఖలో మోటార్‌సైకిల్ నడిపి రిటైరైన ఒక పెద్దమనిషి ఇంకో బండి మీద వెనకాలే వస్తూ, మనం నడిపే తీరు చూసి అవుననో కాదనో చెబుతాడు. ఈమెకు ఒకసారి కాదన్నాడు. 'బండిని నువ్వు నడపడం లేదు, బండే నిన్ను నడుపుతోంది' అన్నాడట. ఇంకొక్క అవకాశం ఉంది. అది కూడా పోతే బండి అమ్మేస్తానని ఇంట్లో మాటిచ్చేసింది.

"ఇంత పట్టుదల ఎందుకు బిడ్డా? గుడిల సేవ చెయ్యొచ్చుగద, బండి బాధ ఉండదు" అన్నాను, పాత నూనె కారుతున్న గిన్నె వైపు చూస్తూ.

"నా డెలివరీల రక్తం తక్కువవడ్డది అంకుల్. ఎవలో బండి మీద తెచ్చిండ్రట. నేను మొఖం గూడ చూడలే. థాంక్స్ చెప్పాలంటె ఎవలికి చెప్పాలె?"

ఆ తర్వాత నేను గుడి మాట ఎత్తలేదు.

టక్కుమని కొడుతోందంటే నాకు అర్థమైంది ఒక్కటే. ఫోర్కు పూర్తిగా నొక్కుకుపోయి అడుక్కి తగులుతోంది. హైదరాబాద్‌లో దీనికి మందు ఏ చిన్న షెడ్డులో అడిగినా చెబుతారు, చిక్కటి నూనె పోయడమే. అక్కడ ఒక్క బండి మీద మొగుడు, పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, ట్యాంకు మీద గ్యాస్ సిలిండర్. పల్చటి నూనె పోస్తే బండి నేల నాకుతుంది. నంబరు పెరిగేకొద్దీ నూనె చిక్కన. గవ్‌నర్ పోసింది పది నంబరు నూనె. నేను దాన్ని తీసేసి పదిహేను పోశాను. వేళ్ళ మధ్య రాసి, కళ్ళు మూసుకుని, తల పంకించి మరీ పోశాను. తర్వాత బండెక్కి ఎస్టేట్ చుట్టూ ఒక రౌండు కొట్టాను. స్పీడ్ బ్రేకర్ల మీద సోఫాలో కూర్చున్నట్టుంది.

"తీస్కపో బిడ్డా. ఇగ నీకు ఎదురు లేదు" అన్నాను.

మరుసటి ఆదివారం దాటగానే వచ్చింది. మొహం ఎర్రగా ఉంది.

"అంకుల్, ఏం జేసిండ్రు? బండా సుత్తా ఇది?"

"నేను నడిపి చూసిన గద. మస్తుండె."

"మీరు నడిపితె మస్తుంటది. నేను నడిపితె చేతులు ఇరుగుతున్నయి."

మళ్ళీ నేనెక్కాను, మళ్ళీ సోఫా. మనసులో అనుకున్నాను, ఈ అమ్మాయికి భయం పట్టుకుంది, తప్పు బండిలో లేదు, మనిషిలో ఉందని. పైకి మాత్రం చాలా మర్యాదగా "చేతులు కొంచెం వదులు పెట్టాలె బిడ్డా" అని సలహా ఇచ్చాను. గవ్‌నర్‌కు సందు దొరికింది. మాన్యువల్ తెచ్చి బల్ల మీద పరిచి, ఆ పేజీ మీద వేలు పెట్టి, "ఇందులో పది అని ఉంది. పదే పోస్తావు. హైదరాబాద్ కబుర్లు ఇంటికెళ్ళి మీ ఆవిడకు చెప్పు" అన్నాడు. మళ్ళీ పది పోశాను. బండి మళ్ళీ వచ్చింది. కాస్త నయం, అంతే. టక్కుమనడం అలాగే ఉంది. అప్పటికి పరీక్ష దగ్గరపడింది.

రెండోసారి మెట్టెక్కని బండి గురించి మొదట్లో ఏం రాశానో మీకు గుర్తుండే ఉంటుంది. దాన్ని కొట్టేసుకోండి.

ఆ రోజు ఆమె హెల్మెట్ బెంచీ మీద పెట్టి, నన్ను కిందినుంచి పైకీ పైనుంచి కిందికీ చూసింది.

"అంకుల్, మీ బరువెంత?"

ఆమె ఏమడిగిందని గవ్‌నర్ నన్నడిగాడు. నేను అనువదించలేదు. ఆమే ఇంగ్లీషులో అడిగింది. గవ్‌నర్ నోట్లోని టీ మాన్యువల్ మీద పడింది. అంత నవ్వు ఆయన నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు. రేసుల్లో కాళ్ళు విరిగిన కథలు చెప్పేటప్పుడు కూడా ఆయన అంత ఆనందంగా ఉండడు.

నా బరువు ఇక్కడ రాయను. ఆ అమ్మాయిని, ఆమె కూతుర్ని, వాళ్ళిద్దరి స్కూలు బ్యాగుల్ని, ఆఫీసు బ్యాగుల్ని ఒక పళ్ళెంలో వేసినా నేను కూర్చున్న పళ్ళెమే కిందికి దిగుతుంది. అలాంటి నేను బండెక్కి బాగుందంటే, అది నా పొట్టకు బాగుందని అర్థం. ఇన్నాళ్ళూ నేను ఆమె బండిని నా పొట్టకు కొలత తీసి కుడుతున్నాను. మా వర్క్‌షాపులో బండిని రోడ్డు మీద నడిపి చూసేది ఎప్పుడూ నేనే. పాత బండ్లు తెచ్చే పెద్దపెద్ద మనుషులకు అది సరిపోయేది. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు కనుక నేను ఘనుణ్ణనుకున్నాను.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. వైర్లు కట్టే ప్లాస్టిక్ టై ఒకటి తీసి ఫోర్కు గొట్టానికి చుట్టి బిగించాను. ఫోర్కు ఎంతవరకు నొక్కుకుంటే ఆ టై అంతవరకు జరిగి అక్కడే ఆగిపోతుంది. ముందు నేను ఒక రౌండు వెళ్ళొచ్చాను. టై దాదాపు చివరిదాకా జరిగింది. దాన్ని మళ్ళీ మొదటికి జరిపి ఆమెను పంపాం. జిమ్ ముందున్న స్పీడ్ బ్రేకర్ల మీదుగా, కావాలని మ్యాన్‌హోల్ మూతల మీదుగా నడిపి వచ్చింది. ముగ్గురం మోకాళ్ళ మీద కూర్చుని చూశాం. టై సగం కూడా జరగలేదు.

అంటే ఫోర్కు అడుక్కి తగలడం లేదు. అసలు కదలడమే లేదు. ఆ నూనెను పక్కకు తోసేంత బరువు ఆమెకు లేదు. ఒక గుంటకు కాస్త నొక్కుకున్నది మళ్ళీ లేచేలోపే ఇంకో గుంట వస్తోంది. ఇక కర్రలా బిగుసుకుపోయి ఆ దెబ్బంతా మణికట్లకు చేరుతోంది. మేము దానికి ఇంకా చిక్కటి నూనె పోసి, చేతులు వదులుగా పెట్టుకో తల్లీ అని నీతులు చెప్పాం.

"మరి మాన్యువల్‌లో పది అనే ఉందిగా" అన్నాడు గవ్‌నర్, టీ తుడుచుకుంటూ. ఆయన గొంతులో మొదటిసారి ప్రశ్న వినిపించింది.

ఇక్కడ నా గొప్ప నిజంగానే ఉంది, కాబట్టి తగ్గించను. మా అల్మారాలో వెనక వరసలో, ఆమె బండి తయారుచేసిన కంపెనీ వాళ్ళదే పాత నూనె సీసా ఒకటి మిగిలి ఉంది, దాని మీద పది. మాన్యువల్ చెప్పే పది అదే. మేము కొత్తగా తెప్పించుకుంటున్న ఇంకో కంపెనీ డబ్బా మీద కూడా పదే. మర్నాడు ఇంట్లో ఆవకాయ అయిపోయిన పొడవాటి గాజు సీసాలు రెండు కడిగి తీసుకెళ్ళాను. మా ఆవిడ "అవి మళ్ళ ఇంట్లకు తేకు" అని ముందే చెప్పింది. ఒకదాంట్లో పాత పది, ఒకదాంట్లో కొత్త పది పోసి, పాడైన బేరింగు లోంచి తీసిన ఉక్కు గుండ్లు రెండింటిని ఒకేసారి వదిలాను. పాత పదిలో గుండు గబుక్కున అడుక్కి చేరింది. కొత్త పదిలో గుండు పెళ్ళిచూపుల్లో పెళ్ళికూతురిలా నెమ్మదిగా దిగింది.

రెండూ పదే! ఇంకా నమ్మకం కుదరక ఆ కొత్త కంపెనీదే ఐదు నంబరు తెచ్చి పోశాం. దాంట్లో గుండు ఇంచుమించు పాత పదిలో దిగినట్టే దిగింది.

మీకు అర్థమయ్యేలా చెబుతాను. ఒక టేక్‌అవేలో మీడియం కారం అంటే కళ్ళనీళ్ళు కారతాయి, పక్క వీధి టేక్‌అవేలో మీడియం అంటే పాయసంలా ఉంటుంది. ఎవడి మీడియం వాడిది. ఫోర్క్ ఆయిల్ మీద నంబరూ అంతే. ఒక కంపెనీ పది ఇంకో కంపెనీ పది కానక్కరలేదు. అసలు ఎంత చిక్కనో చెప్పే కొలత కంపెనీవాళ్ళు విడిగా ఇస్తారు, అడిగి తెలుసుకోవాలి. సీసా ముందుభాగాన పెద్దక్షరాల్లో ఉన్నది చూసి పొంగిపోకూడదు. మీరు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే చాలు, నా రిటైర్మెంట్ సార్థకం.

గవ్‌నర్ ఆ సీసాల్ని చాలాసేపు చూశాడు. గుండ్లు తీసి మళ్ళీ వేశాడు. మళ్ళీ తీసి మళ్ళీ వేశాడు. చివరకు "ఐదు పొయ్యి" అన్నాడు. అంతే. నా జీవితంలో ఆయన దగ్గర నేను గెలిచిన యుద్ధం అదొక్కటే. ఆ సాయంత్రం ఇంటికి బస్సులో వెళ్ళలేదు, నడిచి వెళ్ళాను, అంత గర్వం బస్సులో పట్టదనిపించి.

ఐదు పోసి, నూనె పై మట్టం కొలిచి, మూతలు బిగించాం. ఈసారి నేను బండెక్కలేదు. గవ్‌నర్ ఎక్కనివ్వలేదు. ఆమే నడిపి వచ్చింది. దిగగానే హ్యాండిల్ పట్టుకుని ముందు బ్రేకు వేసి నొక్కింది. ఫోర్కు కిందికి వెళ్ళి, పైకి లేచి, బుద్ధిగా ఆగింది. మళ్ళీ నొక్కింది.

"అంకుల్, ఇది నా బండేనా?" అంది.

పరీక్ష రోజు సన్నగా వాన. నన్ను వ్యాన్ తీసుకుని వెళ్ళమన్నాడు గవ్‌నర్. "ఇక్కడున్నా పని చెయ్యవు, వెళ్ళు" అన్నాడు. పరీక్ష దారి పల్లెల మధ్య నుంచి వెళ్తుంది. చలికి పగిలి, అతుకులు వేసిన రోడ్డు. చివర్లో పల్లానికి దిగే మలుపు ఒకటి ఉంది. అక్కడ రోడ్డంతా అలల్లా ముడతలు పడి ఉంటుంది. మొదటిసారి ఆమె బండి అవతలి వైపుకు జారిపోబోయింది ఆ మలుపులోనే. దాని తర్వాత రోడ్డు పక్కన ఒక టీ బండి ఉంది. పరీక్ష ముగిసేది అక్కడే. నేను అక్కడ గొడుగు కింద నిలబడ్డాను.

ఆ నిరీక్షణ గురించి నేను పేజీలు రాయగలను. టీ చల్లారింది. ఇంకోటి తీసుకున్నాను, అదీ చల్లారింది. ఫోర్కు మూత సరిగా బిగించానా లేదా అని గాల్లోనే స్పానర్ తిప్పి చూసుకున్నాను. నా నూనె తప్పైతే పోయేది నా పేరు కాదు, ఆమె బండి. ఆసుపత్రిలో ఇంకెవరో ఎదురుచూసే రక్తం.

ముందు ఆమె బండి చప్పుడు వినబడింది. మలుపు దగ్గర కనబడింది. గీత గీసినట్టు వచ్చింది. ఒక్క కుదుపు లేదు, తడబాటు లేదు. ముడతల మీద ముందు చక్రం నీళ్ళ మీద బాతులా సాగింది. వెనకాల ఆ పోలీసు పెద్దమనిషి. ఇద్దరూ ఆగారు. ఆయన హెల్మెట్ తీసి, ఆమె బండి దగ్గరకు వచ్చి, హ్యాండిల్ పట్టుకుని నొక్కాడు. ఫోర్కు దిగి, లేచి, ఆగింది. "ఈ ఫోర్కులు ఎవరు చేశారు?" అన్నాడు. ఆమె నా వైపు వేలు చూపించింది. ఆయన నాకు తల ఊపాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, "వచ్చే నెల రోటాలో నీ పేరు వేయిస్తాను" అన్నాడు.

అక్కడున్న జనమంతా చప్పట్లు కొట్టారు.

సరే, జనమంతా అంటే నేనూ టీ బండావిడా. ఆవిడ కొట్టింది కూడా చప్పట్లు కాదు, కెచప్ సీసా అడుగున.

కొట్టేసుకోవలసినవి ఇంకా ఉన్నాయి. వేళ్ళ మధ్య రాసి నంబరు చెప్పే విద్య నాకు లేదు. సీసా మీదున్నది ముందే చదివి, తర్వాత వేళ్ళు రాసేవాణ్ణి. కళ్ళకు గంతలు కట్టి చూశారు, అది నిజం. ఒక క్రిస్మస్ ముందు గవ్‌నర్ నా చేతిలో ఏదో పోసి చెప్పమంటే, నేను చాలాసేపు వాసన చూసి, వేళ్ళు రుద్ది, "పదిహేను" అన్నాను. అది గిన్నెలు తోమే లిక్విడ్.

అయినా ఆ రోజు టీ బండి దగ్గర ఆ తల ఊపు ఉంది చూశారూ, అది కల్పన కాదు. రోజూ బండ్లు విప్పి బిగించిన చేతికి అలాంటి రోజు ఒక్కటి దక్కితే చాలు. ఆ పరీక్ష గెలిచింది నా ఐదు నంబరు నూనె అని ఈ రోజుకీ ఛాతీ విరుచుకుని చెబుతాను.

ఇంతవరకు రాసి, ఆమె చూసి తప్పులుంటే చెబుతుందని వాట్సాప్‌లో పంపించాను. ఇప్పుడామె వారాంతాల్లో రక్తం సీసాలతో ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి తిరుగుతూ ఉంటుంది. జవాబు వాయిస్ మెసేజ్‌గా వచ్చింది. వెనకాల ఇంజన్ చల్లారుతున్న టిక్కు టిక్కుమనే చప్పుడు కూడా వినిపిస్తోంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"అంకుల్, సదివిన. మస్తు రాసిండ్రు. గని ప్లాస్టిక్ టై కట్టుడు నాకు తట్టింది, మీకు గాదు. ఇంకోటి, ఆ మలుపుల నేను అసలు బ్రేకే వట్టలే, బ్రేకు వడితెనె గద ముందటి బరువంత ఫోర్కుల మీద వడేది. ఎన్ని ఆదివారాలు పొద్దుగాల్ల లేసి పోయి, వానల గూడ, ముందుగాలనే స్పీడు తగ్గించుకునుడు నేర్చుకున్ననో మీకు తెల్వదు, మీరు అడగలే. ఆడ మీ నూనెకు పెద్దగ పనే వడలే. పరీక్ష నూనెకు వెట్టిండ్రా అంకుల్? నాకు వెట్టిండ్రు. పాసయింది నేను."